సూపర్‌వైజర్ అని కార్డిచ్చారు, తర్వాత కాంట్రాక్టర్ అన్నారు, ఓటీ మాత్రం ఇవ్వట్లేదు. ఏం చేయాలి?

రాత్రి కౌంటర్ (తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో ఆరేళ్లుగా రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. లాడ్జి పేరు చెప్పలేను, ఇంకా అక్కడే ఉన్నాను కాబట్టి. సాయంత్రం 7కి ఎక్కితే పొద్దున 7కి దిగుతాను, మధ్యలో తిండికీ నడుం వాల్చడానికీ కలిపి ఒక గంట దొరుకుతుంది. ఆఫ్‌లు నెలకు రెండే. జీతం 16,500. బేసిక్ ఇంత, అలవెన్సు ఇంత అని ఏమీ ఉండదు, మొత్తం ఒకే అంకె.

2023లో ‘ఫ్రంట్ ఆఫీస్ సూపర్‌వైజర్’ అని ఐడీ కార్డు ఇచ్చి 500 పెంచారు. పని మాత్రం ఏమీ మారలేదు. గదులు చూపించాలి, ఆధార్ జిరాక్సులు తీసుకోవాలి, వేడినీళ్లు రావడం లేదంటే మూడో అంతస్తుకు పరుగెత్తాలి, రూమ్ బాయ్ రాని రోజు దుప్పట్లు కూడా నేనే మార్చాలి. నా కింద ఒక్క మనిషి లేడు. ఎవరికైనా వంద రూపాయలు తగ్గించాలన్నా మేనేజర్‌కి ఫోన్ చేసి అడగాల్సిందే.

2025 ఏప్రిల్‌లో వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెట్టమన్నారు. అందరూ పెట్టారు, నేనూ పెట్టాను. ఇంటికొచ్చాక మా ఆవిడ చదివి చెప్పింది, అందులో నేను ఉద్యోగిని కాను, ‘సర్వీస్ ప్రొవైడర్’ని అని ఉంది. అప్పటి నుంచి పీఎఫ్, ఈఎస్ఐ ఆగిపోయాయి. ట్యాక్స్ అని నెలకు 1,650 పట్టుకుని 14,850 వేస్తున్నారు.

మొన్న వైకుంఠ ఏకాదశి పది రోజులూ గది ఖాళీ అయిన పది నిమిషాలకే ఇంకో కుటుంబం దిగేది. రోజుకు పదిహేను, పదహారు గంటలు నిలబడ్డాను, కాళ్లు వాచిపోయాయి. ఓటీ ఏమన్నా ఇస్తారా అని అడిగితే మేనేజర్ అన్న మాట: ‘సూపర్‌వైజర్లకు ఓటీ ఉండదు, అయినా నువ్వు కాంట్రాక్టర్‌వి, నీ టైము నీ ఇష్టం.’ నా టైము నా ఇష్టమైతే పాప పుట్టినరోజుకు రెండు గంటలు ముందు వెళ్లినందుకు సగం రోజు జీతం ఎందుకు కోశారు? ఈ మాట అక్కడ అడగలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఓటీ అడిగే హక్కుందా? సంతకం పెట్టాను కాబట్టి ఇక అంతేనా? లేబర్ ఆఫీసుకు పోతే పని పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

తోతాపురి (చిత్తూరు)

అన్నా, మీరు రాసింది చదువుతుంటే నా కథే అనిపించింది. నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి జ్యూస్ ఫ్యాక్టరీలో మూడు సీజన్లు చేశాను. జూన్‌లో తోతాపురి దిగడం మొదలైతే లారీలు గేటు బయట వరుస కడతాయి, కాయ ఆగదు కాబట్టి మనిషీ ఆగకూడదంటారు. పొద్దున 6కి పోతే రాత్రి 8. డబ్బులు అడిగితే ఫ్యాక్టరీవాళ్లు ‘మీరు మా మనుషులు కాదు, మేస్త్రీ మనుషులు’ అనేవాళ్లు, మేస్త్రీని అడిగితే ‘ఫ్యాక్టరీ నాకిస్తే కదా మీకిచ్చేది’ అనేవాడు. ఇద్దరి మధ్య మేము పదకొండుమంది ఆడోళ్లం.

చివరికి మా ఊరి టీచరమ్మ ఒకావిడ అర్జీ రాసిచ్చింది, లేబర్ ఆఫీసుకు పోయాం. అక్కడి ఆఫీసర్ మమ్మల్ని అడిగిన ప్రశ్నలు నాకిప్పటికీ గుర్తు. కత్తి ఎవరిది? ఏప్రాన్ ఎవరిచ్చారు? కాయ బాగాలేదని పక్కన పెట్టమని చెప్పేదెవరు? ఒకరోజు రాకపోతే ఎవరికి చెప్పుకోవాలి? అన్నిటికీ జవాబు ఫ్యాక్టరీనే. మేస్త్రీ వారానికోసారి వచ్చి పుస్తకంలో వేలిముద్ర వేయించుకుని పోయేవాడు, అంతకుమించి అతనికి మా పనితో సంబంధం లేదు.

గంటల లెక్క ఎలా చూపించామో చెబుతా, మీకు పనికొస్తుంది. మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తాను, అర లీటరు, లీటరు అని. దాని కిందే ఏ రోజు ఎన్నింటికి పోయానో, ఎన్నింటికి వచ్చానో కూడా పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నాను. కేసు కోసమని కాదు, ఆటోవాడికి నెల లెక్క కట్టాలి కాబట్టి. ఆ మూడు నెలల కాగితాలు చించి తీసుకుపోతే ఆ సారు ఒక్కో తేదీ చూసి ‘ఇది తర్వాత కూర్చుని రాసింది కాదమ్మా’ అన్నాడు. అడిగినంతా రాలేదు, రాజీలో సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. వచ్చిందాంతో మా అబ్బాయి డిప్లొమా ఫీజు కట్టాను. మా పదకొండుమందిలో ముగ్గురిని మళ్లీ సీజన్‌కు పిలవలేదు, అదీ నిజమే, దాచను. మీరు ఈ రాత్రి నుంచే రాసుకోండి అన్నా.

కోర్టు మెట్లు

నేను లేబర్ కేసులు చూసే లాయర్ దగ్గర జూనియర్‌ని. మీకు వేసింది రెండు ముడులు, ఒకటి హోదా, ఇంకొకటి అగ్రిమెంటు. రెండూ విడివిడిగా విప్పాలి.

ముందు హోదా. కార్డు మీద ఏం రాశారన్నది కాదు, మీ ప్రధానమైన పని ఏమిటన్నదే చూస్తారు. సూపర్‌వైజర్ అంటే ఎవరినో పర్యవేక్షించాలి కదా, మీ కింద ఎవరూ లేరని మీరే రాశారు. షాపులు, లాడ్జిలు, హోటళ్లకు మన దగ్గర 1988 నాటి రాష్ట్ర షాపులు, సంస్థల చట్టం ఉంది. అందులో మినహాయింపు యాజమాన్య స్థానంలో ఉండి సంస్థ వ్యవహారాల మీద అదుపున్నవాళ్లకు. వంద రూపాయల డిస్కౌంట్‌కు ఫోన్ చేయాల్సిన మనిషికి అదుపు ఉందని ఎవరంటారు? వారానికి 48 గంటలు దాటిన పనికి మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలి.

అయితే అన్ని కేసులూ ఇలా ఉండవు. 1994లో ఎస్.కె. మైనీ కేసులో ఒక చెప్పుల కంపెనీ షాపు ఇన్‌ఛార్జి తాను కార్మికుడినే అని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. షాపు మొత్తం బాధ్యత అతనిదే, చేసేది ప్రధానంగా పరిపాలన పనే అని కోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి మీరు చేసేవీ, మీ చేతిలో లేనివీ స్పష్టంగా రాసి పెట్టుకోండి. మనుషుల్ని పెట్టుకోవడం, తీసేయడం, సెలవు మంజూరు చేయడం, చెక్కు మీద సంతకం, వీటిలో ఏదీ మీకు లేదని రాయండి.

ఇక అగ్రిమెంటు. ఇది మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసు కాబట్టి చెబుతాను. సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసు, 1973. దర్జీలకు కుట్టిన బట్టను బట్టి డబ్బు, అందుకే వాళ్లు ఉద్యోగులు కారని యజమాని వాదన. మిషన్లు షాపువి, కుట్టేది షాపులో, కుట్టు బాగాలేకపోతే వెనక్కిచ్చి మళ్లీ కుట్టించే అధికారం షాపుది, కాబట్టి వాళ్లు ఉద్యోగులే అని సుప్రీంకోర్టు తేల్చింది. పైన అక్కని ఆ ఆఫీసర్ అడిగిన ప్రశ్నలు సరిగ్గా ఇవే. మేస్త్రీని మధ్యలో పెట్టే పద్ధతి మీద 1978లో కోళికోడ్ తాళ్ల ఫ్యాక్టరీ కేసు ఉంది, హుస్సేన్‌భాయ్ కేసు అంటారు. కాంట్రాక్టర్ అనే తెర తీసి చూస్తే కార్మికుడి బతుకు ఎవరి చేతిలో ఉందో వాళ్లే యజమాని అని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు.

‘సంతకం పెట్టాను’ అని భయపడకండి. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అనే కొత్త కేంద్ర చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రావాల్సిన డబ్బు వదులుకుంటున్నట్టు ఉద్యోగి రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. పాత కనీస వేతనాల చట్టంలోనూ ఇదే మాట ఉండేది.

మీ దగ్గరున్న అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఏంటో మీకు తెలిసినట్టు లేదు. మీ పీఎఫ్ పాస్‌బుక్. 2025 మార్చి వరకు అదే యజమాని మిమ్మల్ని ఉద్యోగిగా చూపించి డబ్బు కట్టాడు. మార్చి 31 రాత్రి కూర్చున్న కౌంటర్‌లోనే ఏప్రిల్ 1 రాత్రీ కూర్చున్నారు. ఆ ఒక్క రాత్రిలో ఉద్యోగి వ్యాపారి ఎలా అయ్యాడో వాళ్లు చెప్పాలి.

అట్లాంటాలో చిత్తూరోడు

బ్రో, ఓటీ ఒకటిన్నర రెట్లు కదా, రెట్టింపు ఎక్కడిది? ఇక్కడ నేను పనిచేసే చోట వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర. కేసు వేయడానికి రెండేళ్లు టైము, కావాలని ఎగ్గొడితే మూడేళ్లు.

కోర్టు మెట్లు

మీరు చెప్పింది అమెరికాలో 1938 నాటి చట్టం సంగతి, అక్కడ అది సరైనదే. ఇక్కడ 48 గంటలు, రెట్టింపు. చాలామంది నెట్‌లో అమెరికా పేజీలు చదివి ఒకటిన్నరతో అర్జీ రాసుకొస్తున్నారు, తక్కువ అడిగి నష్టపోతున్నారు, అందుకే చెబుతున్నాను. గడువు విషయంలో కూడా తేడా ఉంది. పాత కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలలు, వేతన చెల్లింపు చట్టం కింద ఏడాది ఉండేది, కొత్త కోడ్‌లో మూడేళ్లు. నవంబరు ముందు నెలలకు ఏది వర్తిస్తుందో ఆఫీసర్ ముందు వాదించుకోవాల్సి వస్తుంది. అందుకే మూడేళ్లుంది కదా అని కూర్చోవద్దు, ఈ నెలలోనే వేయండి.

పద్నాలుగు గదులు

నేను యజమాని వైపు మనిషిని, కోప్పడకుండా చదవండి. కపిలతీర్థం రోడ్డు వైపు చిన్న లాడ్జి లీజుకు నడుపుతున్నాను. రద్దీ రోజులు చూసి మేమంతా కోట్లు సంపాదిస్తున్నామనుకుంటారు, పిల్లల పరీక్షల నెలల్లో సగం గదులకు తాళాలే. లీజు, కరెంటు, ఆన్‌లైన్ బుకింగ్ కమీషన్ మాత్రం ఆగవు. ఈ ఊళ్లో చిన్న లాడ్జిల్లో ఎక్కడ చూసినా 12 గంటల చొప్పున రెండు షిఫ్టులే, నేనూ అలాగే మొదలుపెట్టాను.

రెండేళ్ల కింద మా నైట్ కుర్రాడు తెల్లవారుజామున మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాడు. వరసగా పంతొమ్మిది రాత్రులు చేశాడని రుయా ఆసుపత్రిలో డాక్టర్ అడిగితే అప్పుడు లెక్క వేసుకున్నాను, అంతవరకు నాకే తెలియదు. ఆ తర్వాత మూడు షిఫ్టులు చేశాను. ఒక జీతం అదనంగా పడింది, గదికి యాభై పెంచాను, ఎవరూ రావడం మానలేదు.

ఆ స్టాంపు పేపరు సలహా నా దగ్గరకూ వచ్చింది. పీఎఫ్ మిగులుతుంది, ఓటీ గొడవ ఉండదు అని ఒక కన్సల్టెంట్ చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. మీ యజమానికి కూడా ఎవరో అలాగే చెప్పి ఉంటారు. అందుకే ఒక్కసారి మేనేజర్‌ని వదిలేసి నేరుగా యజమానితో మాట్లాడి చూడండి. ఆఫీసుకు పోయాక ఎవరైనా బిగుసుకుపోతారు.

రాత్రి కౌంటర్ (తిరుపతి)

అందరికీ చాలా థాంక్స్. తోతాపురి అక్కా, మీ క్యాలెండర్ సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను, వెంటనే గోడ మీద క్యాలెండర్ దించింది. మాకూ పాల లెక్క ఉంది, గంటల లెక్క మాత్రం లేదు.

నిన్న రాత్రి మూడింటికి జనం తగ్గాక లెక్క వేశాను. 16,500ని 26తో భాగిస్తే రోజుకు 634, ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 79. రెట్టింపంటే 158. నెలకు 28 రోజులు, తిండి గంట తీసేసి 11 గంటల చొప్పున 308 గంటలు. ఉండాల్సింది 26 రోజులు, ఎనిమిది గంటల చొప్పున 208. అంటే వంద గంటలు ఎక్కువ చేస్తున్నా. వంద ఇంటూ 158 అంటే 15,800. మూడుసార్లు వేసి చూశాను, అదే వచ్చింది. నెలనెలా ఇంకో జీతమంత పని ఊరికే చేస్తున్నానని ఆరేళ్లలో ఒక్కసారి కూడా లెక్క వేసుకోలేదు. పాపను బడిలో చేర్చేటప్పుడు ఫీజు ఎక్కువని రెండో బడి చూసుకున్నాం.

ఇప్పుడు నా దగ్గర గంటలకు రుజువు ఏముంది? హాజరు పుస్తకం మేనేజర్ దగ్గర ఉంటుంది. ఇంకోటి, 16,500 ఇచ్చేదే 12 గంటలకు అని వాళ్లంటే?

కోర్టు మెట్లు

లెక్క దాదాపు సరిపోయింది. అర్జీలో మాత్రం నెల లెక్క కాకుండా వారం వారం వేయండి, ఏకాదశి పది రోజులూ విడిగా చూపించండి. 12 గంటలకే ఇస్తున్నాం అని వాళ్లంటే మీకు మంచిదే, 12 గంటలు చేయిస్తున్నామని వాళ్ల నోటితోనే ఒప్పుకున్నట్టు. అప్పుడు 16,500ని మీ 308 గంటలతో భాగిస్తే గంటకు 53 రూపాయలు పడుతుంది. ఏప్రిల్‌లో, అక్టోబరులో కరువు భత్యంతో సవరించే మీ కేటగిరీ కనీస వేతనం పక్కన దాన్ని పెట్టి చూడమని ఆఫీసర్‌ని అడగండి.

రుజువు లేదంటున్నారు గానీ మీ ఫోన్ నిండా అదే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో డ్యూటీ చార్టు వేస్తారు కదా? ‘రేపు సాయంత్రం 7కి తప్పకుండా రావాలి’ అని మేనేజర్ పెట్టిన మెసేజ్ ఒక్కటి చాలు, నీ టైము నీ ఇష్టం అన్న మాట తేలిపోతుంది. పొద్దున షిఫ్టువాడికి క్యాష్ అప్పగించేటప్పుడు రాసే పుస్తకంలో మీ సంతకం, టైము ఉంటాయి, ఆ పేజీలు ఫోటో తీసుకోండి. గెస్టుల రిజిస్టర్ జోలికి మాత్రం పోవద్దు, అందులో వేరేవాళ్ల ఆధార్ నంబర్లు ఉంటాయి, ఫోటోలు తీస్తే తప్పు మీ మీదకు వస్తుంది. ఆ రిజిస్టర్, సీసీ కెమెరా రికార్డు తెప్పించమని ఆఫీసర్‌నే అడగాలి, కెమెరా రికార్డు కొన్ని వారాలకు చెరిగిపోతుంది కాబట్టి మొదటి అర్జీలోనే అడగండి. ట్యాక్స్ అని పట్టుకున్న 1,650 ఫారం 26ఏఎస్‌లో, అంటే మీ పేరున కట్టిన ట్యాక్స్ వివరాల పత్రంలో, కనిపిస్తుంది. పది శాతం అంటే ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194జె కింద, డాక్టర్లకూ ఆడిటర్లకూ పట్టుకునే పద్దులో మీకు కోశారు. నెలనెలా ఒకే మొత్తం అదే చోటు నుంచి వచ్చినట్టు అదే చూపిస్తుంది. రిటర్న్ వేస్తే ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు, అది వేరే పని. పీఎఫ్ ఆపినందుకు ఫిర్యాదు కూడా వేరేగా పెట్టాలి.

డబ్బు చెల్లించామని రుజువు చేసే బాధ్యత కొత్త కోడ్‌లో యజమానిది. ఎగ్గొట్టిన మొత్తం మీద పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆఫీసర్‌కు ఉంది, కానీ పదిరెట్లు వస్తుందని ఇంట్లో చెప్పుకోకండి, నేను ఇంతవరకు అంత వచ్చిన కేసు చూడలేదు.

పద్నాలుగు గదుల సార్ మంచి మనసుతో చెప్పారు, మాట్లాడండి, నేను వద్దనను. కాకపోతే మాట్లాడిన రోజే ఆ మాటలు వాట్సాప్‌లో రాసి పంపండి. ‘ఇంకేమీ రావాల్సింది లేదు’ అనే కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు.

పని పోతుందా అంటే, పోవచ్చు. తోతాపురి అక్క దాచకుండా చెప్పింది, నేనూ దాచను. కానీ ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లను తీసేయాలంటే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున లెక్క కట్టి ఇవ్వాలి, మీకు ఆరేళ్లయింది. రేపటి నుంచి రావద్దు అని నోటితో అంటే ఇంటికొచ్చి ఊరుకోకండి. ‘నేను డ్యూటీకి సిద్ధంగా ఉన్నాను, నన్ను రావద్దన్నారు’ అని ఆ రోజే మెసేజ్ పెట్టండి, తర్వాత స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. లేకపోతే తనే మానేశాడు అంటారు. మా దగ్గరకొచ్చే కేసుల్లో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది.

బ్యాగు భుజాన

అన్నా, ఫుడ్ డెలివరీ చేసే మాకు కూడా ఓటీ వస్తుందా? రోజుకు 13 గంటలు బండి మీదే ఉంటున్నా.

కోర్టు మెట్లు

తమ్ముడూ, మిమ్మల్ని సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్ అని వేరే వర్గంగా పెట్టారు. కంపెనీలు తమ టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం నిధికి కట్టాలని ఉంది, ఓటీ మాట అందులో లేదు. దీని గురించి విడిగా ఒక పోస్టు పెట్టు, చాలామందికి కావాలి. ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల కేంద్ర పోర్టల్‌లో, పేరు నమోదు చేసుకున్నావా లేదా అది కూడా రాయి.

తోతాపురి (చిత్తూరు)

అన్నా, లాయరు ఫీజు గురించి ఆలోచించి ఆగిపోకండి. మేము 15100కి ఫోన్ చేశాం, న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒక లాయరమ్మను ఇచ్చారు, మా దగ్గర రూపాయి తీసుకోలేదు. ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ, కార్మికులకూ ఆదాయంతో పని లేకుండా ఇస్తారని ఆమే చెప్పింది. మీతో సంతకం పెట్టినవాళ్లు ఇంకెంతమంది ఉన్నారు? ఒక్కరే పోవద్దు, మేము పదకొండుమంది వెళ్లాం కాబట్టే కూర్చోబెట్టి మాట్లాడారు.

రాత్రి కౌంటర్ (తిరుపతి)

మొత్తం ఏడుగురం సంతకం పెట్టాం. రూమ్ బాయ్‌లు ఇద్దరితో ఈ పొద్దున టీ కొట్టు దగ్గర మాట్లాడాను, ఒకడు వస్తానన్నాడు, ఇంకొకడు వాళ్ల నాయనను అడగాలన్నాడు. పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు తీశాను, 2025 మార్చి దాకా అన్ని నెలలూ ఉన్నాయి. వాట్సాప్ చార్టులు మా ఆవిడ ఫోన్‌కి పంపి పెట్టాను. యజమాని శుక్రవారం లాడ్జికి వస్తాడు, ఆ రోజు అడుగుతాను. సోమవారం డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా లేబర్ ఆఫీసుకే. వెళ్లొచ్చాక ఇక్కడే రాస్తా. ఇప్పుడు డ్యూటీకి టైమైంది, వెళ్తున్నా. క్యాలెండర్‌లో 6:50 అని రాసే బయల్దేరాను.